బలమైన పికప్, నిలిచే నాదము

పాశ్చాత్య సంగీతము సికిందరాబాదుకు కొత్త కాదు. 1806లో ఈ ఊరికి ఈ పేరు వచ్చిన నాటి నుండి సైనికుల బ్యాండు మేళాలూ, చర్చిలలోని గానమూ, తరువాతి కాలంలో రైల్వే కుటుంబాల ఇండ్లలోని వాద్యాలూ ఇక్కడ వినవస్తూనే ఉన్నాయి. లాలాగూడకు పొరుగున ఉన్న మారేడ్‌పల్లిలో నేడు గిటారు అభ్యసించే యువతీ యువకులు కొద్దిమంది కారు. వారిలో పలువురికి ఏదో ఒకనాడు ఒక కోరిక పుడుతుంది: గిటారుతో వచ్చిన పికప్‌ను తీసివేసి, అంతకంటె ఎక్కువ బలము గలదానిని పెట్టించుకోవలెనని. ఆ కోరికలో తప్పేమీ లేదు. కాని పేరుగల పికప్ ఒక్కొక్కప్పుడు చౌక గిటారు మొత్తానికి పెట్టే వెల పలుకుతుంది. నెలల తరబడి కూడబెట్టిన డబ్బు వెచ్చించే ముందు ఆ బలమంటే ఏమిటో తెలిసికొనడం మేలని మనవి చేయదలచుకొన్నాము.

పికప్ అనేది అయస్కాంతము, దాని చుట్టూ వేల చుట్లు చుట్టిన సన్నని రాగి తీగ. ఆ రాగి తీగ వెండ్రుకంత సన్నము. గిటారు మీది ఉక్కు తీగ కంపించినప్పుడు అయస్కాంత క్షేత్రము చలిస్తుంది. ఆ చలనము వల్ల రాగి చుట్టలో స్వల్పమైన విద్యుత్తు పుడుతుంది. 1831లో ఫారడే కనుగొన్న సూత్రమే ఇది. సరిగ్గా నూరేండ్ల తరువాత, 1931లో, అమెరికాలో జార్జి బోషాం ఈ సూత్రాన్ని గిటారుకు అన్వయించినాడు. 1955లో గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ రెండు చుట్టలను ఎదురెదురు దిశలలో కలిపి హంబకర్ అనే పికప్‌ను రూపొందించినాడు. బయటి నుండి వచ్చే విద్యుత్తు రొద రెండు చుట్టలలోను ఎదురై తనను తాను రద్దు చేసికొంటుంది. తీగల నాదము మాత్రము రెండింటిలోను కలిసి రెట్టిస్తుంది.

ఇక బలమైన పికప్ ఎందుకు పుట్టినదో చూతము. 1972లో లారీ డిమార్జియో ‘సూపర్ డిస్టార్షన్’ అనే హంబకర్‌ను తయారుచేసి అమ్మినాడు. గిటారు కొన్న తరువాత మార్చుకొనడానికని బజారుకు వచ్చిన అధిక బలము గల పికప్‌లలో అది తొలిది. ఆనాటి వాల్వు ఆంప్లిఫయర్లు పెద్దగా మ్రోగిస్తే తప్ప ఆ గరగరమనే రాక్ ధ్వనిని ఇచ్చేవి కావు. గిటారు నుండే ఎక్కువ విద్యుత్తు వచ్చి ఆంప్లిఫయరును తోసినట్లయితే ఆ ధ్వని సులభంగా దొరికేది. ఈనాటి ఆంప్లిఫయర్లలోను, కాలితో నొక్కే పెడళ్లలోను ఆ శక్తి ధారాళంగా ఉన్నది. కనుక 1972 నాటి అవసరము నేడు చాలావరకు తగ్గినది. గరగర ధ్వని మాత్రమే కావలసినవారు ముందుగా ఆంప్లిఫయరు మీది గెయిన్ మీటను తిప్పి చూడవచ్చును.

బలము ఉచితంగా రాదన్నది రెండవ సంగతి. రాగి చుట్లు పెంచినకొద్దీ విద్యుత్తు పెరుగుతుంది, కాని తారస్థాయిలోని మెరుపు తగ్గుతుంది. మెల్లగా మీటినప్పటి సున్నితమూ, గట్టిగా మీటినప్పటి ఉద్రేకమూ ఆంప్లిఫయరు చేరేసరికి దాదాపు ఒకే ఎత్తులోకి అణగిపోతాయి. లోహ సంగీతమని పేరుపడిన హెవీ మెటల్ వాయించేవారికి ఈ గుణమే కావలెను. నెమ్మదైన పాటకు తోడుగా వాయించేవారికి ఇదే లోపమవుతుంది.

ప్రకటనలలో కిలో ఓములలో చెప్పే నిరోధము కూడ బలానికి నమ్మదగిన కొలత కాదు. 1950ల నాటి హంబకర్లలో అది సుమారు 7 లేక 8 కిలో ఓములు. బలమైనవాటిలో 13కు పైబడి ఉంటుంది. అయితే మరింత సన్నని రాగి తీగను వాడినంత మాత్రాననే నిరోధము పెరుగుతుంది. అయస్కాంతము అల్నికోనా, సిరామిక్‌నా, చుట్లు ఎన్ని అనేవి కలిపి చూచినప్పుడే అసలు సంగతి తేలుతుంది.

మన ఇండ్లలో వినవచ్చే ‘హమ్’ అనే రొద వేరొక ప్రశ్న. ఇక్కడి విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులది. పాతకాలపు ట్యూబులైటు చోకు, ఫ్యాను రెగ్యులేటరు వంటివి ఆ రొదను పెంచుతాయి. ఒంటిచుట్ట పికప్‌లో చుట్లు పెంచితే నాదముతోపాటు రొద కూడ పెరుగుతుంది. రొదే బాధ అయితే హంబకరు కావలెను. అది అధిక బలము గలది కానక్కరలేదు.

ఈ విషయంలో మన తెలుగు దేశమే ఒక దృష్టాంతము చూపినది. 1969లో పాలకొల్లులో జన్మించి 2014లో కీర్తిశేషులైన ఉప్పలపు శ్రీనివాస్ గారు మాండలిన్ మీద కర్ణాటక సంగీతాన్ని పలికించినారు. మామూలు మాండలిన్‌కు నాలుగు జంటల తీగలు. మీటిన స్వరము అందులో త్వరగా అణగిపోతుంది. గమకానికి స్వరము నిలవవలెను. అందుకే ఆయన ఐదు ఒంటి తీగలు గల ఎలెక్ట్రిక్ మాండలిన్‌ను చేపట్టినారు. విద్యుత్తు నుండి ఆయన కోరినది స్వరానికి నిలకడ. గిటారు మీద రాగాలు సాధన చేయదలచినవారు ఈ సంగతి గుర్తుంచుకోవలెను. అయస్కాంతము మరీ బలమైనదై తీగకు మరీ చేరువగా ఉంటే, అది తీగ కంపనాన్ని పట్టి లాగుతుంది. స్వరము తొందరగా తగ్గుతుంది, మంద్ర స్థాయిలో శ్రుతి కూడ కలత చెందుతుంది.

కొనబోయే ముందు చేయవలసినవి కొన్ని ఉన్నవి. తీగలు మార్చి, కేబులు పరీక్షించి, పికప్ పక్క స్క్రూలను అరచుట్టు చొప్పున తిప్పి ఎత్తు సరిచూడవలెను. చివరి మెట్టు వద్ద తీగను నొక్కి పట్టినప్పుడు తీగకూ పికప్‌కూ నడుమ సుమారు 2 మిల్లీమీటర్ల ఎడము ఉంటే మొదలుపెట్టడానికి చాలును. ఇంతటితోనే తృప్తి కలిగినవారికి ఖర్చు తప్పుతుంది. అప్పటికీ మార్చవలెననుకొంటే, బ్రిడ్జి వద్ద ఉన్నదానినే ముందు మార్చడము మంచిది. అక్కడ తీగ కదలిక తక్కువ గనుక బలము అక్కడనే ఉపకరిస్తుంది. మొదటి తీగకూ ఆరవ తీగకూ నడుమ దూరము కొలిచి, దానికి సరిపడేదే కొనవలెను. హంబకరుకు సాధారణంగా 500 కిలో ఓముల వాల్యూము పాట్ వాడుతారు, ఒంటిచుట్టకు 250. పాత పికప్‌ను పారవేయక భద్రపరచవలెను. కొత్తది పట్టలేదని కట్టెను తొలిపించడము మాత్రము వద్దు. పికప్‌ను మరల మార్చవచ్చును, తొలిచిన కట్టెను మరల పూడ్చలేము.

తమ చేతి నుండి రావలసిన నాదమేదో ముందుగా నిశ్చయించుకొన్నవారికి ఎంపిక కష్టము కాదు. ఆ నాదానికి ఎంత బలము అవసరమో అంతటితో ఆగినవారి గిటారే ఇంటివారికీ, ఇరుగుపొరుగువారికీ ఇంపుగా వినిపిస్తుంది.