స్పీడు పెంచిన నెల
(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి ప్రసంగం)

మిత్రులారా, ఇన్నేళ్లూ ఏం చేశావో చెప్పమన్నారు. బాలానగర్‌లో చిన్న వర్క్‌షాపు నడిపాను. అందులో నన్ను దాదాపు ముంచిన ఒక్క నెల గురించి చెబుతాను.

ఒక పెద్ద కంపెనీ స్టీలు బుష్‌లకు ఆర్డరిచ్చింది. సగం నెల గడిచాక సరుకు ముందే కావాలని ఒత్తిడి. ధర మాత్రం పైసా పెంచరు. నేను లేత్ స్పీడు 20 శాతం పెంచేశాను. పీసులు ఎక్కువొస్తే ఖర్చు దానంతటదే తగ్గుతుందనుకున్నాను.

అంతకుముందు కార్బైడ్ టూలు ఒక్కో అంచుకు 40 పీసులు వచ్చేవి. ఇప్పుడు 23కే అరిగిపోతోంది. టేలర్ అనే అమెరికన్ ఇంజనీరు 1907లోనే ఈ లెక్క అచ్చువేశాడు. ఆయన సూత్రం కార్బైడ్‌కు వేస్తే, వేగం 20 శాతం పెరిగితే టూలు ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుంది. చదువుకున్నదే. గుర్తుకు రాలేదు.

తప్పు ఆపరేటర్‌దే అనుకుని అందరి ముందూ తిట్టాను. వయసులో నాకన్నా పెద్దవాడు. మారు మాట్లాడలేదు. మర్నాడు తన చేతి గడియారం విప్పి నాకిచ్చి, "మీరే చూడండి సార్" అన్నాడు.

చూశాను. పాత స్పీడులో పీసుకు నాలుగు నిమిషాలు. అందులో లోహం తెగేది 90 సెకన్లే. మిగతాదంతా చక్‌లో బిగించడం, విప్పడం, కొలవడం, ఉన్న ఒక్క గేజీ కోసం అవతలి మిషన్ దాకా నడవడం. స్పీడు పెంచి నేను మిగిల్చింది పీసుకు 15 సెకన్లు. అంచు మార్చి, సైజు కుదిర్చి, తేడా వచ్చిన మొదటి పీసు స్క్రాపులో వేసేసరికి పది నిమిషాలు. అన్నీ కలిపి చూస్తే 23 పీసుల మీద కలిసొచ్చింది నిమిషంన్నర. టూళ్ల బిల్లు మాత్రం ఒకటిన్నర రెట్లు దాటింది.

స్పీడు ఎప్పుడూ పెంచకూడదని కాదు. తెగే సమయమే ఎక్కువగా ఉండి, మిషన్ గంట ఖర్చు భారీగా ఉంటే టూళ్లు అరిగినా లాభమే. నా దగ్గర ఆ పరిస్థితి లేదు. స్పీడు తగ్గించి, రెండో గేజీ కొన్నాను. పీసులు చేతికందే ఎత్తులో బల్ల వేయించాను. ఒక పీసు తెగుతుండగానే ముందుది కొలిచే ఏర్పాటు చేశాం. పీసుకు నిమిషం పైనే తగ్గింది. అయినా సరుకు మూడు రోజులు ఆలస్యమైంది, బిల్లులో కోత పడింది.

ఆ నలుగురి ముందే ఆయన్ని క్షమాపణ అడగాల్సింది. విడిగా, టీ కొట్టు దగ్గర అడిగాను. టీ డబ్బులు ఆయనే ఇచ్చాడు.