లెమూర్ల కేంద్రం వరి రైతు దగ్గరకు ఎందుకు వచ్చింది?



కోతి పేరు చెబితేనే మీలో చాలామందికి కోపం వస్తుంది. గింజ పాలు పోసుకొనే మొక్కజొన్న చేనులో, పెరటి కూరపాదుల్లో అది చేసే నష్టం మీకు ఒకరు చెప్పనక్కర లేదు. అయితే నేను మనవి చేయబోయేది ఆ కోతికి దూరపు బంధువైన లెమూర్ గురించి, దానిని కాపాడడానికి పాటుపడుతున్న ఒక పరిశోధన కేంద్రం గురించి. ఆ కేంద్రం కడకు పల్లెకు వచ్చి వరి రైతుతో మాట్లాడవలసి వచ్చింది. కాబట్టే ఇది మీ పత్రికలో చెప్పదగిన సంగతి అనుకున్నాను.

లెమూర్లు సహజంగా బ్రతికే చోటు ఆఫ్రికాకు తూర్పున హిందూ మహాసముద్రంలో ఉన్న మడగాస్కర్ దీవి. విస్తీర్ణంలో అది ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రాలు రెండూ కలిపినదానికి రెట్టింపు పైగా ఉంటుంది. ఆ దీవితో మనకూ ఒక చుట్టరికం ఉన్నది. శ్రీ పద్ధతి వరిసాగు పుట్టినది అక్కడే. ఆంరీ ద లోలానియే అనే ఫ్రెంచి క్రైస్తవ ఫాదర్ 1983లో అక్కడి రైతుల మధ్య ఉండి దానికి రూపమిచ్చారు. 2003 ఖరీఫ్‌లో ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం మన జిల్లాలలో దానిని రైతుల పొలాల్లో వేయించి చూపింది. లేత నారు ఒక్కొక్క మొక్కగా నాటి, వీడర్ నడిపి భుజాలు నొప్పి పుట్టినవారు మీలోనూ ఉండే ఉంటారు! అక్కడివారికీ వరి అన్నమే ప్రాణం. భోజనం చేయడాన్ని వారి భాషలో ‘వరి తినడం’ అనే అంటారు.

ఇక కేంద్రం సంగతి. అమెరికాలో ఉత్తర కరోలినా రాష్ట్రంలోని డ్యూక్ విశ్వవిద్యాలయం 1966లో దీనిని స్థాపించింది. నేడు అక్కడ 200కు పైగా జంతువులు ఉన్నాయి. మడగాస్కర్ వెలుపల ఇంతటి లెమూర్ల సముదాయం మరెక్కడా లేదు. జంతువుకు హాని కలిగే పరీక్షలు అక్కడ చేయనివ్వరు. తిండి, నిద్ర, ఈత, ముసలితనం వంటివి పరిశీలించి తెలుసుకుంటారు. తోకలో కొవ్వు నిల్వచేసుకొనే ఒక చిన్న లెమూర్ జాతి ఉంది. అడవిలో తిండి దొరకని కాలంలో అది ఏడు నెలల వరకు నిద్రాణంగా ఉండగలదు. అప్పుడు దాని గుండె నిమిషానికి పదిసార్లైనా కొట్టుకోదు. అంతకాలం కదలక పడి ఉండి కూడా మళ్ళీ లేచి చెట్టెక్కే ఈ ప్రాణి శరీరంలోని రహస్యం తెలిస్తే రోగులకు ఉపయోగపడుతుందని శాస్త్రజ్ఞుల ఆశ.

జంతువులను పెంచి అడవికి పంపడం కూడా జరిగింది. 1997 నుంచి 2001 లోపల, పెంపకంలో పుట్టిన 13 నలుపు తెలుపు లెమూర్లను మడగాస్కర్‌లోని బెటాంపోనా అడవిలో విడిచారు. వాటిలో కొన్నింటిని ఫోసా అనే మాంసాహార జంతువు పట్టి తిన్నది. పెంపకంలో పుట్టిన జీవికి శత్రువు వాసన తెలియదు గదా! కొన్ని మాత్రం నిలదొక్కుకొని పిల్లలను కన్నాయి.

పెంపకానికి అసలే లొంగని జాతులు కూడా ఉన్నాయి. ఈశాన్య మడగాస్కర్‌లో మరోజెజీ కొండల ప్రాంతంలో తెల్లని పట్టువంటి బొచ్చు గల సిఫాకా ఉన్నది. ప్రపంచంలో ఏ జంతుశాలలోనూ అది లేదు. దానిని కాపాడాలంటే దాని అడవిని కాపాడాలి, వేరు దారి లేదు. 2020లో లెక్క తీసినప్పుడు 107 లెమూర్ జాతులలో 103 అపాయంలో ఉన్నట్లు తేలింది.

ఆ అడవిని నరికేది ఎవరు? మనవంటి రైతే. కొండవాలు చెట్లు కొట్టి, ఎండిన తరువాత కాల్చి, ఆ బూడిదలో వరి విత్తుతాడు. వారు దానిని తావీ అంటారు. మన మన్యంలో పోడు వంటిదే. ఒకటి రెండు పంటలకే సారం ఉడుగుతుంది, వాన మట్టిని కడిగివేస్తుంది, మరొక వాలు కొట్టవలసి వస్తుంది. పూర్వం ఆ భూమిని ఏళ్ళ తరబడి బీడు వదిలేవారు. జనం పెరిగి ఇప్పుడు అంత వ్యవధి లేదు. ఆ మండలంలో వనిల్లా ప్రసిద్ధమైన పంట. ప్రతి పువ్వునూ పూసిన పూటనే చేతితో పరాగ సంపర్కం చేయాలి. కాయ పక్వానికి రావడానికి సుమారు తొమ్మిది నెలలు. అంత శ్రమపడ్డా ధర నిలకడగా ఉండదు, తుపాను వస్తే తీగ నిలవదు. అటువంటి రైతును పట్టుకొని ‘చెట్టు కొట్టకు’ అనడం సులభమే. ఆ పూట అతని ఇంట్లో పొయ్యి మీదికి ఏమి ఎక్కాలి?

డ్యూక్ కేంద్రం ఈ ప్రశ్నను దాటవేయలేదు. 2012 ప్రాంతం నుంచి ఆ మండలంలో స్థానికులనే పనివారుగా పెట్టుకొని పల్లెలలో పనిచేస్తున్నది. ఆ పని మన విస్తరణ కార్యకర్తలకు బాగా తెలిసినదే. నారుమళ్ళు పెంచి చెట్లు నాటించడం, కట్టె తక్కువ కాలే పొయ్యిలు పరిచయం చేయడం, ఉన్న పొలంలోనే దిగుబడి పెంచే మెళకువలు చెప్పడం, బడి పంతుళ్ళకు అడవిని గురించి పాఠం చెప్పే శిక్షణ ఇవ్వడం. నాకు అన్నిటికంటె నచ్చినది చేపల చెరువుల పని. ఆ దీవిలోనే పుట్టిన, తరిగిపోతున్న స్థానిక చేపజాతిని గ్రామ చెరువుల్లో పెంచుతున్నారు. కొన్ని పల్లెలలో లెమూర్‌ను వేటాడి తినడం ఉన్నది. వద్దని బోర్డు కడితే వేట ఆగదు, చెరువులో చేప ఉంటే అడవికి వెళ్ళే అవసరం తగ్గుతుంది.

లెమూర్ వల్ల అడవికి ఏమి లాభమని అడగవచ్చు. పండు మింగి గింజను దూరాన వేసేది అదే. మన ఉద్యానవనాలలో విసనకర్రలాగా ఆకులు విచ్చుకొని నిలిచే రావెనాలా చెట్టును మీరు చూసే ఉంటారు. దాని సొంత ఊరు మడగాస్కర్. అక్కడ నలుపు తెలుపు లెమూర్ దాని పువ్వులలో మూతి పెట్టి తేనె త్రాగుతుంది, మూతి బొచ్చుకు అంటిన పుప్పొడిని మరొక చెట్టుకు మోసుకుపోతుంది. వనిల్లా తోటలో రైతు చేతితో చేసే పనిని అడవిలో అది కూలి లేకుండా చేస్తున్నది.