కొండదారి బండికి షాకబ్జర్లు



నేటి నా ప్రసంగవిషయము పెద్ద మోటారు బండ్లకు అమర్చు షాక్ అబ్జార్బర్లు. మన షెడ్లలో వీనిని షాకబ్జర్లందురు. ఇది కుఱ్ఱవాండ్ర ముచ్చట, మాకెందుకని మీరనవచ్చును. కాని చిత్తూరు, తిరుపతి ప్రాంతముల పల్లెలలో నేడు బొలెరో, స్కార్పియో, ఇన్నోవా వంటి బండ్లు పెక్కు ఇండ్ల ముంగిట నున్నవి. పెండ్లికైనను, తిరుమల మ్రొక్కునకైనను, అర్ధరాత్రి ఆసుపత్రికైనను ఆ బండియే దిక్కు. అందు కూర్చుండువారు మీ మనుమలు. దాని ఖర్చునకు తలయూపవలసినవారు మీరు. కావున ఇది మీరు తెలిసికొనదగిన సంగతియే.

మొదట ఒక భ్రమ తొలగవలెను. బండి బరువును మోయునవి షాకబ్జర్లు కావు. బరువు మోయునవి స్ప్రింగులు, లేదా కమాను పట్టీలు. చక్రము గుంతలో పడి లేచినప్పుడు స్ప్రింగు నొక్కుకొని మరల సాగును. అంతటితో ఊరకుండదు. ఉయ్యాలను ఒక్కసారి ఊచి విడిచిన అది చాలసేపు ఊగునుగదా, స్ప్రింగును అట్లే ఊగుచుండును. ఉయ్యాలను పట్టి నిలుపు చేయి వంటిదే షాకబ్జరు.

దాని లోపలి అమరిక సులభమైనది. ఒక ఇనుప గొట్టము, అందు నూనె, ఆ నూనెలో సన్నని రంధ్రములుగల పిస్టను. చిమ్మనగ్రోవిని వేగముగా నొక్కినకొలది నీరు ఎక్కువగా ఎదురు తిరుగునట్లు, ఈ నూనెయు రంధ్రములగుండ పోవుటకు ఎదురు తిరుగును. ఆ యెదురే ఊపును అణచును. అణగిన ఊపు వేడిగా మారి గాలిలో కలిసిపోవును.

షాకబ్జరు చెడిన బండిలో నడుము నొప్పి యొక్కటే నష్టమని తలచువారు కలరు. అసలు నష్టము వేరు. ఊపు అణగనిచో చక్రము నేలపై ఎగిరెగిరి పడుచుండును. నేలను గట్టిగా పట్టని చక్రమునకు బ్రేకు వేసి ప్రయోజనమేమి? బండి ఆగవలసిన చోట ఆగదు; మలుపులో ఒక ప్రక్కకు ఒరిగిపోవును.

మన దారులెట్టివో మీకు తెలియును. తిరుమలకు మొదటి ఘాటు రోడ్డు 1944లోను, రెండవది 1974లోను ఏర్పడినవి. నేడు రెండవ దారిని ఎక్కుచు, మొదటి దారిని దిగుచున్నాము. దిగునప్పుడు ప్రతి మలుపునందును బండి బరువంతయు ముందు చక్రములమీదికి, వెలుపలి ప్రక్కకు త్రోసికొనివచ్చును. పలమనేరు దారిలో మొగిలి ఘాటు, పీలేరు దారిలో భాకరాపేట ఘాటు కూడ ఇట్టి పరీక్షనే పెట్టును. ఏడుగురు పట్టు బండిలో పదిమందిని, పైన మూటలను ఎక్కించినచో ఎంత ఖరీదైన షాకబ్జరును కాపాడజాలదు.

ఇక మేలురకపు షాకబ్జర్ల మాట. సాధారణమైనవి జంటగొట్టములవి. వెల తక్కువ, సామాన్య ప్రయాణమునకు చాలును. మామిడితోపుల గతుకుల బాటలో గంటలకొలది నడచినచో లోపలి నూనె చిలికిన మజ్జిగవలె నురుగు గట్టి పట్టు తప్పవచ్చును. ఈ లోపమును తొలగించుటకు ఫ్రాన్సు దేశస్థుడగు ద కార్బన్ ఒంటిగొట్టపు పద్ధతిని వృద్ధిచేసెను. అందు నత్రజని వాయువు గట్టి ఒత్తిడితో నూనెను నురుగు గట్టనీయక అదిమియుంచును. 1957లో జర్మనీలోని బిల్‌స్టయిన్ వారు ఇట్టివానిని మెర్సిడెస్ బెంజి కార్లకు అమర్చిరి. ఇవి త్వరగా చల్లారును, పట్టు నిలుపును. కాని వెల హెచ్చు. నడక కొంత బిరుసు. రాయి తగిలి గొట్టము సొట్టపడినచో పిస్టను చిక్కుకొనును.

కావున నిత్యము గతుకుదారులలో తిరుగువారు, బండి తయారుచేసినవారు చెప్పిన కొలతకే సరిపోవు మేలురకమును వేయించుకొనవచ్చును. కాని ఠీవికొరకు బండిని ఎత్తు చేయింతునని కుఱ్ఱవాడు అడిగినచో ఒప్పుకొనకుడు. ఎత్తు పెరిగినకొలది బండి బొర్లపడుట సులభమగును. అదియుగాక 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము, 52వ సెక్షను, తయారీదారు నిర్దేశించిన వివరములకు భిన్నముగా బండిని మార్చుటను అడ్డుచున్నది. ప్రమాదము జరిగిననాడు బీమా సొమ్మునకును చిక్కు రావచ్చును.

పరీక్ష మీరే చేయవచ్చును. చదునైన నేలపై బండిని నిలిపి, ఒక మూలను గట్టిగా అదిమి విడువుడు. ఒక్కసారి లేచి కుదురుకొనిన మంచిది. రెండు మూడుమార్లు ఊగినచో షాకబ్జరు అరిగినదని అనుమానింపవలెను. గొట్టముపై నూనె కారినదేమో చూడుడు. టైరు అక్కడక్కడ గుంతలు పడి అరిగినదేమో తడిమి చూడుడు. బ్రేకు వేయగనే బండి ముక్కు నేలకు వంగుచున్నదేమో గమనింపుడు. మార్చునప్పుడు ఒక్కటి మార్పక, ముందు రెండును గాని, వెనుక రెండును గాని జంటగా మార్పింపుడు. లేనిచో బండి రెండుప్రక్కల సమానముగా నిలువదు. రబ్బరు బుష్షులను, టైర్లను, బ్రేకులను అదే సమయమున చూపింపుడు.

మన పెద్దలు ఎద్దుల బండి కట్టునప్పుడు ఇరుసును, చీలను చేతితో తడిమి చూచినగాని కదలనిచ్చెడివారు కారు. ఎద్దులు పోయి ఇంజను వచ్చినది. తడిమి చూచు అలవాటు మాత్రము పోరాదు. కొండకు బయలుదేరుటకు ముందు ఆ గొట్టములను ఒక్కసారి వంగి చూడుడని మనవి చేయుచు, సెలవు తీసికొనుచున్నాను.