మన పనికి ఏ బండి?

(రాత్రి బడిలో ఒక టీచరు చెప్పిన మాటలు)



మొన్న పాఠం అయిపోయినాక ఒక అన్న ఆగి నన్ను అడిగాడు. "టీచరమ్మా, పికప్ బండి కొందామని ఉంది. మిర్చి గుంటూరు యార్డుకు తోలాలి. పండక్కి పిల్లల్ని శ్రీశైలం తీసుకుపోవాలి. ఏ బండి మంచిది?" అని.

నేను బండ్ల కంపెనీ మనిషిని కాను. అయితే మా నాన్న యర్రగొండపాలెంలో తొమ్మిదేళ్లు బాడుగ బండి తోలాడు. ఆ ఇంట్లో పెరిగాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

ముందు మాట సంగతి. మన ఊళ్లో ట్రక్కు అంటే ట్రాక్టరు వెనక తగిలించేది. ఇప్పుడు చెప్పేది దాని గురించి కాదు. ముందర క్యాబిన్, వెనక తొట్టి, నాలుగు చక్రాలు ఉన్న బండి గురించి.

వీటిలో చిన్నది టాటా ఏస్. ఇది 2005లో వచ్చింది. చోటా హాథీ అంటారు. అంటే చిన్న ఏనుగు. 2021 జనవరి నుంచి 2025 మే నెల దాకా మన ఇళ్ల ముందుకు రేషన్ బియ్యం తెచ్చిన బండ్లు గుర్తున్నాయా? అవి ఈ తరగతివే. రాష్ట్రమంతా 9,260 బండ్లు పెట్టారు. చిన్న బండి సందుల్లో తిరుగుతుంది. డీజిలు తక్కువ తాగుతుంది. చాలా వాటికి 750 కిలోల దగ్గర బరువు లెక్క.

మధ్యరకంలో అశోక్ లేలాండ్ దోస్త్, బొలెరో పికప్, టాటా యోధ ఉన్నాయి. రకాన్ని బట్టి దాదాపు 1,200 కిలోల నుంచి 2,000 కిలోల దాకా మోస్తాయి. ధర ఎక్కువ. టైర్లు, మరమ్మతు ఖర్చు కూడా ఎక్కువే.

ఇప్పుడు లెక్క వేద్దాం. పలక తీయండి. ఒక మిర్చి టిక్కీ 40 కిలోలు అనుకోండి. 18 టిక్కీలు ఎంత? 720 కిలోలు. చిన్న బండికి అంతే. మరి మనవాళ్లు ఎన్ని వేస్తున్నారు? ముప్పై! పైన తాడు కట్టి, ఆ తాడు పట్టుకుని ఇద్దరు కూర్చుంటారు కూడా.

మా నాన్న కూడా అట్లాగే వేశాడు. ఒక్క ట్రిప్పులో పని అయిపోతుందని ముప్పై టిక్కీలు వేసుకుని రాత్రిపూట బయలుదేరాడు. గుంటూరులో కూతుర్ని చూడాలని మా వీధి పెద్దాయన ఒకాయన టిక్కీల మీద ఎక్కాడు. త్రిపురాంతకం దాటారు. వినుకొండ దాటారు. ఆ తర్వాత వెనక టైరు పగిలింది. బండి పక్కకు ఒరిగింది. నాన్నకు ఏమీ కాలేదు. పెద్దాయనకు తొడ ఎముక విరిగింది.

బీమా ఉంది కదా అనుకున్నాం. బీమా వాళ్లు ఇవ్వం అన్నారు. సరుకు బండి బీమా సరుకు యజమానికి, లేదా ఆయన తరఫున వచ్చిన మనిషికి వర్తిస్తుంది. ఊరికే ఎక్కిన వాళ్లకు వర్తించదు. సుప్రీంకోర్టు కూడా అదే చెప్పిందట. ఆసుపత్రి ఖర్చుకు మా రెండు బర్రెలు పోయినాయి. ఏడాది తిరగక ముందే బండీ పోయింది. ఆ పెద్దాయన ఇప్పటికీ కర్ర పట్టుకునే నడుస్తాడు. మా నాన్న ఎదురుపడితే తల వంచుకుని పక్క సందులోకి పోతాడు.

అందుకని బండి కొనేముందు రంగు చూడకండి. ఆర్.సి. కార్డు చూడండి. దాని మీద రెండు అంకెలు ఉంటాయి. ఒకటి ఖాళీ బండి బరువు. రెండోది సరుకుతో, మనుషులతో కలిపి ఉండదగ్గ మొత్తం బరువు. ఉదాహరణకు ఖాళీ బరువు 1,700, మొత్తం బరువు 2,990 అని ఉంది. తీసివేయండి. 1,290 వచ్చింది. అందులోనే డ్రైవరు బరువు, పక్క మనిషి బరువు కూడా కలిసి ఉంది. మిగిలిందే సరుకుకు.

ఆ రెండో అంకె 3,000 దాటకపోతే సరుకు బండికి పర్మిట్ అక్కరలేదు. దాటితే కావాలి. అమ్మేవాళ్లు ఈ ముక్క ముందుగా చెప్పరు. బరువు మించి వేసి పట్టుబడితే, 2019లో మార్చిన చట్టం ప్రకారం 20,000 రూపాయల జరిమానా. ఆపైన ఎక్కువైన ప్రతి టన్నుకు 2,000. పైగా ఎక్కువైన సరుకు అక్కడే దించాలి.

లైసెన్సు సంగతి ఒకటి. మొత్తం బరువు 7,500 కిలోల లోపు ఉంటే కారు నడిపే లైసెన్సు చాలునని 2024 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. మనం చెప్పుకున్న బండ్లన్నీ ఆ లోపువే.

ఇక శ్రీశైలం సంగతి. పికప్ క్యాబిన్‌లో ఇద్దరో ముగ్గురో పడతారు. వెనక తొట్టిలో పిల్లల్ని వేసుకుని దోర్నాల ఘాటు ఎక్కొద్దు. మిరపకాయల కోతకు కూలీ అక్కలను కూడా అట్లాగే తోలుతున్నారు. ఎక్కేది మీరే కదా అక్కా, అందుకే చెబుతున్నా. బండి తిరగబడితే పట్టుకోను ఏమీ ఉండదు.

నాలుగు తలుపుల పికప్‌లు కూడా ఉన్నాయి. బొలెరో క్యాంపర్ అట్లాంటిది. రెండు వరసల సీట్లు ఉంటాయి. ఇల్లూ పనీ రెండూ నడుస్తాయి. కాని తొట్టి పొట్టిది. టిక్కీలు తక్కువ పడతాయి. ఇంకా పెద్దది ఇసుజు కంపెనీ బండి. 2016 నుంచి మన రాష్ట్రంలోనే శ్రీసిటీలో తయారవుతోంది. చూడను బాగుంటుంది. మన అయిదెకరాల రైతుకు దాని ధర అందదు.

మరి ఆ అన్నకు ఏం చెప్పాను? నెలకు ఎన్ని రోజులు బండి తిరుగుతుందో ముందు రాసుకో అన్నాను. మిర్చి తోలేది మూడు నాలుగు నెలలు. వాయిదా కట్టేది పన్నెండు నెలలు. ఆయనకు మూడెకరాలు. సొంత సరుకు నాలుగు ట్రిప్పులు కూడా కాదు. గుంటూరుకు బాడుగ పికప్, శ్రీశైలానికి బస్సు ఆయనకు చవక. రోజూ బత్తాయిలో, కూరగాయలో, నీళ్ల క్యాన్లో తోలే వాళ్లయితే చిన్న బండి చాలు. ఏడాది పొడవునా ఊరి సరుకు బాడుగకు దొరికే వాళ్లే మధ్యరకం కొనాలి.

అన్నకు నా మాట నచ్చలేదు. మొహం చిన్నబుచ్చుకున్నాడు. అయినా లెక్క రాసుకుని వస్తానన్నాడు.

అప్పు కాగితాల మీద ఖాళీలు ఉంటే సంతకం పెట్టకండి. మీకు ఇప్పుడు చదవడం వచ్చు. నిదానంగా చదవండి. వాళ్లు తొందరపెడితే కాగితం ఇంటికి తీసుకుపోయి చదువుతామనండి.

రేపు రాత్రికి ఎవరింట్లో ఆర్.సి. కార్డు ఉన్నా తీసుకురండి. ఆ రెండు అంకెలు ఎక్కడ ఉన్నాయో వెతికి, తీసివేత చేద్దాం.