ఏ కాలానికి ఏ కాయ
(వైట్‌ఫీల్డ్ గేటు మీటింగులో కార్యదర్శి ప్రసంగం)



కరువు భత్యం గురించి ఎన్నోసార్లు మాట్లాడుకున్నాం. ఈరోజు కూరగాయల సంచి సంగతి. జీతం కరిగేది అందులోనే. షిఫ్టు దిగి చీకట్లో, గేటు దగ్గర ఏది కనబడితే అది, చెప్పిన ధరకే కొంటున్నాం. ఊళ్లో ఉండగా మనకెవరూ చెప్పనక్కర్లేదు: చలికాలం అనపకాయలు, సంక్రాంతికి పితికిపప్పు. ఇక్కడా అంతే. డిసెంబరు, జనవరిల్లో మాగడి అనపకాయ, మే, జూన్‌లలో శ్రీనివాసపురం మామిడి.

హాప్‌కామ్స్ దుకాణంలో ధరల బోర్డు చూడండి. వారం వారం ధర దిగుతున్నదంటే ఆ కాయ పంటకొచ్చినట్టే. (టమాటా మాట వేరు, దానిది పూటకో ధర.) మనం వెళ్లేసరికి కొట్టు మూసేస్తారు. కనుక సెకండ్ షిఫ్టువాళ్లు ఇద్దరు శనివారం పొద్దున్నే చూసొచ్చి, యూనియన్ బోర్డు మీద రాయాలని కోరుతున్నాం. మొదటి వారం కార్యవర్గం తరపున మేమే రాస్తాం.