ముగ్గు పోసే రోజే కరెంటు బిల్లు రాసుకుంటాం

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా జరిగిన యువజన సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాకంటే ముందు మాట్లాడిన పెద్దలు భూమి గురించి, భాష గురించి చెప్పారు. నేను ఇల్లు గురించి మాట్లాడతాను. చిన్న విషయం అనిపించొచ్చు. కానీ ఇక్కడున్న వాళ్లలో సగం మంది ఇళ్లల్లో ఇప్పుడు సిమెంటు బస్తాలు ఉన్నాయని నాకు తెలుసు. మిగతా సగం మంది లిస్టులో పేరు కోసం ఎదురు చూస్తున్నారు.

నేను భద్రాచలం ఏజెన్సీ కోయవాణ్ని. ఐటీఐ చదివి ఇరవై ఏళ్లుగా కట్టడాల దగ్గర సూపర్‌వైజరుగా పని చేస్తున్నా. ముందు నా తప్పు చెప్పుకుంటా. 2011లో మా అయ్య కట్టిన మట్టిల్లు పడగొట్టి స్లాబు ఇల్లు కట్టాను. రోడ్డు పడమటి వైపు ఉంది కాబట్టి ముఖం పడమటికే పెట్టాను. వరండా దండగ అని దాన్ని కూడా మూసేసి గదిలో కలిపాను. పడమటి గోడకు పట్నంలో చూసినట్టు పెద్ద అద్దాల కిటికీ పెట్టించాను. మేస్త్రీ వెంటిలేటర్లు పెడతానంటే పాతకాలం పద్ధతి, వద్దన్నాను. గృహప్రవేశానికి వచ్చిన వాళ్లందరూ మెచ్చుకున్నారు.

ఎండాకాలం వచ్చింది. మా అమ్మ ఆ ఇంట్లో మూడు రాత్రులు పడుకుంది. నాలుగో రాత్రి మంచం మోసుకుపోయి చింతచెట్టు కింద వేసుకుంది. ఏమైందమ్మా అంటే కోయలో ఒక మాట అంది. తెలుగులో చెప్తే, "ఇల్లు కట్టినవా, ఇటుకల బట్టీ కట్టినవా?" అని. నేను చదువుకున్నది కట్టడాల పని. ఆమెకు సంతకం రాదు.

ఆమె చెప్పింది నిజమే. కాంక్రీటు పగలంతా ఎండను తాగుతుంది, రాత్రంతా కక్కుతుంది. మే నెలలో రాత్రి పదింటికి స్టూలెక్కి మీ ఇంటి సీలింగు మీద చెయ్యి పెట్టి చూడండి. ఆ వేడిని తోలడానికే కదా మన మీటరు తిరిగేది. ఫ్యాను వేడిని తియ్యదు, ఉన్న వేడిగాలినే తిప్పుతుంది. అది చాలక కూలరు కొంటాం. అదీ చాలదని ఈమధ్య కొందరు ఏసీ దాకా పోతున్నారు.

మన పాత ఇంట్లో ఏముండేది? తడిక గోడకు మట్టి మెత్తేవాళ్లం. పైన మందంగా గడ్డి, లేకపోతే తాటాకు. చూరు ఎంత కిందికి ఉండేదంటే వంగి లోపలికి పోవాలి. వంగకపోతే నెత్తికి తగిలేది, పిల్లలు నవ్వేవాళ్లు. ఆ చూరు వల్ల గోడకు ఎండ తగిలేది కాదు. గోడకూ కప్పుకూ మధ్య సందులోంచి వేడి గాలి బయటికి పోయేది. ముందు అరుగు మీద పగలంతా నీడ ఉండేది. ఆ ఇంట్లో ఫ్యాను లేకపోవడానికి పేదరికం ఒక కారణమే. కానీ అవసరం తక్కువ కావడం కూడా ఒక కారణం.

మళ్లీ గుడిసెలకు పొమ్మని చెప్పడానికి రాలేదు. గడ్డి కప్పుకు నిప్పు భయం, పాము భయం. మార్చి మార్చి నేయాలి, గడ్డి కూడా ఇప్పుడు దొరకడం లేదు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. ఆ నీళ్లు చూసినవాళ్లకు స్లాబు ఎందుకు కావాలో నేను చెప్పక్కర్లేదు. స్లాబు వేసుకుందాం. అయితే చూరు, సందు, అరుగు ఈ మూడింటినీ వదలకుండా వేసుకుందాం.

ఇందిరమ్మ ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గకూడదు, 600 మించకూడదు. సర్కారు 5 లక్షలు దశలవారీగా ఇస్తుంది. ఇది మీకందరికీ తెలిసిందే. ఇంత చిన్న ఇంట్లో ముగ్గు పోసే రోజు ఒక గంట ఆలోచిస్తే పైసా ఖర్చు లేకుండా సగం పని అయిపోతుంది. ఇంటి పొడుగు గోడలు ఉత్తర దక్షిణాలకు, పొట్టి గోడలు తూర్పు పడమటికి వచ్చేట్టు చూడండి. స్థలం కుదరకపోతే పడమటి వైపు బాత్రూమో, మెట్లో, సామాన్ల గదో పెట్టండి. సాయంత్రం ఎండ వాటిని కాలుస్తుంది, మనల్ని కాల్చదు. మేస్త్రీ వాస్తు అని పడక గదిని నైరుతి మూలకు తోస్తాడు. ఇంట్లో ఎక్కువ ఉడికే మూల అదే. పెద్దవాళ్లు పట్టుబడితే గొడవ పడకండి. ఆ పడమటి గోడకు కిటికీ చిన్నది పెట్టండి, బయట వేపమొక్క నాటండి.

కిటికీలు ఎదురెదురుగా ఉండాలి. ఒక్క గోడకు ఎంత పెద్ద కిటికీ పెట్టినా గాలి లోపలికి వచ్చి ఎటు పోతుంది? స్లాబు కింద వెంటిలేటర్లు తప్పకుండా పెట్టించండి, వేడి గాలి పైకే చేరుతుంది. ప్రతి కిటికీకీ సజ్జ రెండడుగులు బయటికి రావాలి. సజ్జ కుదించి మిగిల్చిన డబ్బుతో ముందు ఆర్చీ కట్టించిన వాళ్లను చూశాను. ఆర్చీ ఫొటోలో బాగుంటుంది.

ఇటుకను పక్కకు నిలబెట్టి మధ్యలో ఖాళీ వదిలి కట్టే ర్యాట్ ట్రాప్ పద్ధతి ఉంది. ఇటుకలు పావు వంతు దాకా తగ్గుతాయి, మధ్యలో గాలి ఉంటుంది కాబట్టి వేడి లోపలికి తొందరగా దిగదు. స్లాబు అడుగు భాగంలో కాంక్రీటుకు బదులు పెంకులు పెట్టి పోసే ఫిల్లర్ స్లాబు ఇంకొకటి. కేరళలో లారీ బేకర్ ఈ రెండింటితో ఎన్నో ఇళ్లు కట్టాడు. నేర్చుకున్న చెయ్యి లేకుండా, ఇంజనీరు చూడకుండా వీటి జోలికి పోకండి. మన దగ్గర ఈ పని వచ్చిన మేస్త్రీలు బాగా తక్కువ. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ ఆవరణలో రూరల్ టెక్నాలజీ పార్కు ఉంది. ఇలాంటి నమూనా ఇళ్లను అక్కడ కళ్లారా చూడొచ్చు. మేస్త్రీ పని చేస్తున్న తమ్ముళ్లూ, సంఘం తరఫున ఒక జీపు మాట్లాడుకుని పోదాం. ఈ పని మన పిల్లలకు వస్తే మన ఇళ్లు మనమే కడతాం, కూలీ కూడా మనకే వస్తుంది.

ఇప్పుడు మీటరు లెక్క. గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల వరకు సున్నా బిల్లు. 200 దాటితే దాటిన నాలుగు యూనిట్లకే కట్టడం కాదు, మొత్తానికీ కట్టాలి. ఇది చాలా మందికి మే నెలలో బిల్లు చేతికొచ్చాకే తెలుస్తుంది. పాత రకం ఫ్యాను 75 వాట్లు. మూడు ఫ్యాన్లు రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు 100 యూనిట్లు. కూలరు 200 వాట్లు, 12 గంటలు వేస్తే 72 యూనిట్లు. ఫ్రిజ్జు 40 అనుకోండి. టీవీ, లైట్లు, మోటారు కలిపి 20. మొత్తం 232. బిల్లు వెయ్యి దాటింది.

అదే మూడు ఫ్యాన్లు బీఎల్‌డీసీ రకం అయితే ఒక్కోటి 30 వాట్లే. 100 యూనిట్లు 40 అవుతాయి, మొత్తం 172కు దిగుతుంది. ఆ ఫ్యాను ధర మామూలు దానికన్నా వెయ్యి, పదిహేను వందలు ఎక్కువ. మూడూ ఒక్కసారి కొనలేకపోతే రాత్రీ పగలూ తిరిగే ఫ్యాను ముందు మార్చండి. పెళ్లికి కట్నంగా ఇచ్చే ఫ్యాను కూడా ఇదే ఇవ్వండి! (నవ్వులు)

ఇల్లు కట్టేసుకున్న వాళ్లు, నాలాంటి వాళ్లు, ఏం చెయ్యాలి? నేను చేసింది చెప్తా. ఫిబ్రవరి చివర్లో స్లాబు కడిగి, సున్నంలో కొంచెం ఫెవికాల్ కలిపి రెండు పూతలు వేశాను. తెలుపు ఎండను వెనక్కి కొడుతుంది. వాన పడితే కొంత పోతుంది, ఏటా వెయ్యాలి. ఒక పూట పని. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ అని తెచ్చింది, దాని వెనకున్న సంగతి కూడా ఇదే. తర్వాత పడమటి అద్దాల కిటికీ ముందు వెదురు పందిరి వేసి బీర, చిక్కుడు పాకించాను. ఎండ లోపలి పరదా దాకా రాకముందే ఆపాలి. లోపలికి వచ్చాక పరదా వేసి లాభం లేదు. చివరికి గోడ పగలగొట్టి నాలుగు వెంటిలేటర్లు పెట్టించాను. కట్టేటప్పుడు వాటికి వందల్లో అయ్యేది, పగలగొట్టి పెట్టడానికి వేలల్లో అయింది. రేకుల ఇళ్లవాళ్లు కూడా పైన సున్నం వెయ్యండి, కింద తాటాకు తడికలో, వెదురు చాపలో కట్టండి. పొయ్యికి, కరెంటు తీగలకు మాత్రం దూరంగా ఉంచండి.

సోలారు గురించి ఒక తమ్ముడు చీటీ పంపాడు. సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78 వేల దాకా సబ్సిడీ ఉంది, మిగతాది మన చేతి నుంచి పెట్టాలి. సున్నా బిల్లు వస్తున్న ఇంటికి ఇప్పుడే అప్పు చేసి పెట్టమని నేను చెప్పను. ముందు ఇల్లు చల్లబరుచుకుందాం.

చెల్లెళ్లకు ఒక మాట. ప్లాను గీసే రోజు మగవాళ్లు, మేస్త్రీ మాట్లాడుకుంటారు. మీరు టీ ఇచ్చి లోపలికి పోకండి. వంటగదిలో రోజుకు నాలుగు గంటలు ఉండేది మీరు. కిటికీ ఎటు ఉండాలి, పొగ ఎటు పోవాలి అని అక్కడే చెప్పండి. మా అమ్మను ఆ రోజు నేను అడగలేదు.

మొన్న మే నెలలో ఆమె రెండు వారాలు ఇంట్లోనే పడుకుంది. మూడో వారం మళ్లీ మంచం చెట్టు కిందికి పోయింది. అంటే ఇంకా పని మిగిలింది. ఈసారి మూసేసిన వరండా గోడ తీసేస్తున్నా.

ప్లాను కాగితాలు తెచ్చుకున్న వాళ్లు భోజనాలయ్యాక ఆ వేపచెట్టు కిందికి రండి. టేపు, పెన్సిలు తెచ్చాను.