ఇంటికి తాళం ఒక్కటే చాలదు
(షోలాపూర్ సాంచె కార్మికుల సభలో యూనియన్ కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



మజూరీ, బోనసు సంగతి అధ్యక్షులవారు వివరంగా చెప్పారు. కార్యవర్గం మాకు వేరే విషయం అప్పగించింది. ఆ మజూరీతో కట్టుకున్న ఇల్లు, కొనుక్కున్న సామాను, కూడబెట్టుకున్న నాలుగు తులాల బంగారం నిలబెట్టుకోవడం ఎలాగో చెప్పమన్నది. “ఇన్సూరెన్సు మాటలు యూనియన్‌కెందుకు, ఏజెంట్లు లేరా?” అని వెనుక వరుసలో ఎవరో అంటున్నారు. ఏజెంటుకు కమీషను ఉంటుంది, యూనియన్‌కు లేదు. పాలసీలో దొరికేది ఏమిటో, దొరకనిది ఏమిటో రెండూ మీకు చెప్పవలసింది మనమే.

మన తాతలు పాలమూరు, నల్లగొండ, కరీంనగరు పల్లెల నుండి ఈ ఊరికి వచ్చినప్పుడు చేతిలో ఉన్నది నేత పని ఒక్కటే. జూనీ మిల్లు నాటి నుండి నేటి సాంచాల వరకు మూడు నాలుగు తరాలు రెక్కలు అరగదీసుకుంటే ఒక గది, రెండు గదులు సొంతమయ్యాయి. కుంభారి దగ్గర బీడీ అక్కచెల్లెళ్ళు ఏళ్ళ తరబడి పోరాడి గోదూతాయి పరుళేకర్ కాలనీలో 10,000 ఇళ్ళు సాధించుకున్నారు. ఆ తర్వాత రే నగర్ 30,000 ఇళ్ళ పథకంలో 15,000 ఇళ్ళు 2024 జనవరిలో అప్పగించారు. ఇంత కష్టపడి సంపాదించిన ఇల్లు ఒక్క రాత్రిలో పోతే మళ్ళీ కట్టుకోవడానికి ఇంకో తరం కావాలి. ఈలోగా సావుకారు వడ్డీ ఇల్లు చేరుతుంది, బడిలో ఉన్న పిల్లవాడు కండెలు చుట్టడానికి వస్తాడు.

ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. 2025 మే 18 తెల్లవారుజామున మన అక్కల్‌కోట్ రోడ్ ఎం.ఐ.డి.సి.లో ఒక తువాళ్ళ కారఖానా అంటుకుని 8 మంది చనిపోయారు. యజమాని కుటుంబం, కార్మికుల కుటుంబం, అందరూ కారఖానాలోనే కాపురం ఉన్నవారు. 2020 సెప్టెంబరు 21న భివండీలో మూడంతస్తుల భవనం నిద్రలో ఉన్నవారి మీద కూలి సుమారు 40 మంది పోయారు. 1993 సెప్టెంబరు 30న కిల్లారి భూకంపం మనలో పెద్దవారందరికీ జ్ఞాపకమే. గణపతి నిమజ్జనం చేసి వచ్చి పడుకున్న జనం మీద మట్టితో పేర్చిన రాతిగోడలు కూలాయి. దాదాపు పదివేల మంది ప్రాణాలు పోయాయి. ఈ మూడూ తెల్లవారకముందే జరిగాయని గమనించండి. ఆ వేళ లేచి ఆలోచించుకునే వ్యవధి ఉండదు. ఆలోచన పగలే చేసి పెట్టుకోవాలి.

ముందు పైసా ఖర్చు లేని పనులు, కొద్ది ఖర్చుతో అయ్యే పనులు చెప్తాము.

ఒకటి, కరెంటు. మన ఇళ్ళలో ఒకే ప్లగ్గుకు టీవీ, ఫ్రిజ్జు, ఇస్త్రీ పెట్టె అన్నీ తగిలిస్తాము. వైరు వేడెక్కి కరుగుతుంది. ఎం.సి.బి. పెట్టించుకోండి. షాకు తగిలితే కరెంటు తనంత తానే ఆగే ఇ.ఎల్.సి.బి. కూడా పెట్టించుకోండి. ఎం.సి.బి. మాటిమాటికి పడిపోతుంటే లోపం ఎక్కడుందో వైర్‌మన్‌తో చూపించాలి. దాన్ని తీసేసి నేరుగా వైరు కలపకూడదు. బ్యాటరీ బండిని రాత్రంతా మెట్ల కింద ఛార్జింగు పెట్టి పడుకోకండి. మంట అంటుకుంటే దిగే దారే మూసుకుపోతుంది.

రెండు, గ్యాసు. రాత్రి రెగ్యులేటరు కట్టేసి పడుకోవాలి. రబ్బరు పైపు అయిదేళ్ళకొకసారి మార్చాలి. వాసన వస్తే స్విచ్చి వేయకండి, ఆపకండి. తలుపులు, కిటికీలు తెరిచి, బయటికి వచ్చి 1906కు ఫోను చేయండి. గ్యాసు ప్రమాదంలో వినియోగదారులకు ఆయిలు కంపెనీలు తీసుకున్న బీమా ఉన్నదని మనలో చాలామందికి తెలియదు. దానికి వేరే ప్రీమియం లేదు. చనిపోతే మనిషికి 6 లక్షలు, చికిత్సకు మనిషికి 2 లక్షల వరకు, కనెక్షను నమోదైన ఇంటి ఆస్తి నష్టానికి 2 లక్షల వరకు. కాబట్టి కనెక్షను మీ పేర, మీరు ఉంటున్న చిరునామాలో ఉండాలి. ఇల్లు మారినా పాత చిరునామా అలాగే ఉంచుకున్నవారు ఈ వారంలో ఏజెన్సీకి వెళ్ళి మార్పించుకోండి. ప్రమాదం జరిగితే ఏజెన్సీకి వెంటనే రాతపూర్వకంగా తెలపాలి.

మూడు, దారి. బీడీ ఆకు, తంబాకు బుట్టలు, నూలు మూటలు వాకిట్లో, మెట్ల మీద ఉండకూడదు. పొగ కమ్మితే నిలబడి పరుగెత్తకండి, నేలకు వంగి బయటపడండి. కరెంటు మంట మీద నీళ్ళు పోయవద్దు. అగ్నిమాపక దళానికి 101, ఏ ఆపదకైనా 112. ఈ నంబర్లు పిల్లలకు కంఠస్థం చేయించండి.

నాలుగు, కాగితాలు. ఖరీదు పత్రం, రేషను కార్డు, పాసు పుస్తకాలు, పాలసీలు, పిల్లల సర్టిఫికెట్లు అన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టి, చేతికందే చోట ఉంచాలి. జిరాక్సులు వేరే ఊళ్ళో ఉన్న బంధువు దగ్గర ఒక జత ఉంచండి. ఆధారు వంటివి డిజిలాకర్‌లో పెట్టడానికి మీ ఇంటి చదువుకున్న పిల్లలే చాలు. ఇంట్లోని ప్రతి వస్తువుకు ఫోనులో ఒక ఫోటో తీసి పెట్టుకోండి. నగలను తూకం చీటీతో కలిపి ఫోటో తీయండి. బిల్లులు పారేయకండి. కాలిపోయాక “నా ఇంట్లో ఫలానా ఉండేది” అని నోటితో చెబితే ఏ కంపెనీ వినదు.

ఇక దొంగతనం మాట. నూలు పున్నమినాడు మార్కండేయ రథోత్సవానికి పేటలకు పేటలే కదులుతాయి. సంక్రాంతికి గడ్డా యాత్రకు ఇంటిల్లిపాది వెళ్తాము. పెళ్ళిళ్ళకు తెలంగాణకు పోతే వారం దాకా రాము. ఈ సంగతి దొంగకు మనకన్నా బాగా తెలుసు. వాడకట్టుకు ఇద్దరు ముగ్గురు ఇళ్ళ దగ్గర ఉండేలా వంతులు వేసుకోండి. ఊరికి పోతున్నామని ఫోనులో ఫోటోలు పెట్టకండి.

బంగారం బ్యాంకు లాకరులో పెడితే నిశ్చింత అనుకుంటాము. 2022 జనవరి 1 నుండి అమలైన రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం అగ్నిప్రమాదం, దొంగతనం, భవనం కూలడం, ఉద్యోగి మోసం వల్ల లాకరులోని సొమ్ము పోతే బ్యాంకు బాధ్యత సంవత్సరపు అద్దెకు నూరు రెట్ల వరకే. అద్దె 2,000 అయితే గరిష్ఠంగా 2 లక్షలు. 2025లో పది గ్రాముల బంగారం లక్ష దాటింది. లెక్క మీరే వేసుకోండి. వరద, భూకంపం వంటి వాటికి, బ్యాంకు నిర్లక్ష్యం లేకపోతే, ఆ మాత్రం కూడా ఉండదు. అయినా బీరువాలో కన్నా లాకరులో ఉండడమే మేలు. పైన నగలకు వేరే బీమా తీసుకుంటే ఇంకా మేలు.

నగదు ఉన్నవారు ఒకటి గుర్తుంచుకోండి. బ్యాంకు మునిగితే ఒక్కో ఖాతాదారుకు ఒక్కో బ్యాంకులో వడ్డీతో కలిపి 5 లక్షల వరకు డిపాజిట్ బీమా ఉంటుంది. ఇది 2020 ఫిబ్రవరి నుండి ఉన్న పరిమితి. సహకార బ్యాంకులకూ వర్తిస్తుంది. పత్‌సంస్థలకు ఈ బీమా వర్తించదు, భిశీకి అసలే లేదు. వడ్డీ ఒక రూపాయి ఎక్కువ వస్తుందని కూతురి పెళ్ళి డబ్బంతా పత్‌సంస్థలో పెట్టేవారు ఈ తేడా తెలుసుకుని పెట్టండి.

ఇప్పుడు ఇంటి బీమా. 2021 ఏప్రిల్ 1 నుండి అన్ని సాధారణ బీమా కంపెనీలు “భారత్ గృహ రక్ష” అనే ఒకే నమూనా పాలసీ అమ్మాలని బీమా నియంత్రణ సంస్థ నిర్ణయించింది. నిప్పు, పిడుగు, గాలివాన, వరద, భూకంపం, అల్లర్ల వల్ల జరిగే నష్టం ఇందులో వస్తుంది. ఇంటి విలువ అంటే స్థలం ధర కాదు, మళ్ళీ కట్టడానికి అయ్యే ఖర్చు. ఉదాహరణకు 400 చదరపు అడుగుల ఇంటిని అడుగుకు 1,500 చొప్పున కట్టాలంటే 6 లక్షలు. ఆ 6 లక్షలకు ఇంటికి పాలసీ తీసుకుంటే, అందులో 20 శాతం, అంటే 1 లక్షా 20 వేల వరకు సామానుకు కూడా రక్షణ దానంతటదే వస్తుంది. అద్దె ఇంట్లో ఉన్నవారు సామానుకు మాత్రమే తీసుకోవచ్చు. ప్రీమియం ఎంతో రెండు మూడు కంపెనీల నుండి కాగితం మీద రాయించుకుని పోల్చి చూడండి.

ఇందులో దొరకనివి కూడా వినండి. మామూలు దొంగతనం ఇందులో రాదు. నిప్పు, వరద వంటి ప్రమాదం జరిగిన 7 రోజుల లోపల ఆ ఇంట్లో జరిగిన దొంగతనమే వస్తుంది. కన్నం వేసి దోచుకుపోవడానికి వేరే బర్గలరీ పాలసీ ఉంటుంది. నగలకు అదనపు కవరు అడిగి తీసుకోవాలి. నగదుకు ఉండదు. ఇంట్లో సాంచాలు పెట్టుకున్నవారు ఆ సంగతి దాచకండి. ఇంటి పాలసీ సాంచాలకు చెల్లదు. వాటికి “భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష” అని వేరే పాలసీ ఉన్నది. పైకప్పు పత్రాలదా, స్లాబుదా అన్నది ఉన్నదున్నట్టు రాయండి. ఫారం మీరే చదివి, లేదా పిల్లలతో చదివించుకుని సంతకం చేయండి. ఏజెంటు “ఇక్కడ సంతకం పెట్టు చాలు” అంటే పెట్టకండి. ఫారంలో అబద్ధం ఉంటే రేపు క్లెయిము కొట్టేయడానికి అదే కంపెనీకి సాకు అవుతుంది.

ఇంటికి మొదటి ఆస్తి సంపాదించే మనిషి. ప్రధానమంత్రి సురక్షా బీమాకు సంవత్సరానికి 20 రూపాయలు. ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు. 18 నుండి 70 ఏళ్ళ వారికి. జీవన జ్యోతి బీమాకు 436 రూపాయలు. ఏ కారణంగా చనిపోయినా 2 లక్షలు. 18 నుండి 50 ఏళ్ళ లోపు చేరాలి. రెండూ కలిపి 456 రూపాయలు. రోజుకు రూపాయిన్నర కూడా పడదు. జూన్ 1 నుండి మే 31 వరకు ఏడాది లెక్క. మే నెలలో ఖాతాలో డబ్బు లేకపోతే పాలసీ ఆగిపోతుంది. నామినీ పేరు సరిగా ఉన్నదో లేదో చూసుకోండి.

నష్టం జరిగితే ఏం చేయాలి? మంటలు ఆరాక సామాను సర్దకముందే ఫోటోలు తీయండి. పోలీసు పంచనామా, అగ్నిమాపక దళం రిపోర్టు అడిగి తీసుకోండి. దొంగతనమైతే ఎఫ్.ఐ.ఆర్. నకలు తీసుకోండి. కంపెనీకి అదే రోజు ఫోను చేసి, తర్వాత రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. సర్వేయరు వచ్చినప్పుడు ఒంటరిగా ఉండకండి, యూనియన్‌కు కబురు చేయండి, మనవాళ్ళు వస్తారు. కంపెనీ కాదంటే, లేక నెల గడిచినా జవాబు ఇవ్వకపోతే, బీమా అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఏడాది లోపల చేయాలి. ఫీజు లేదు, వకీలు అక్కరలేదు. షోలాపూర్ వారికి పుణే కార్యాలయం. నియంత్రణ సంస్థ ఫోను 155255.

“ఇదంతా మన జేబు నుండేనా, యాజమాన్యానికి బాధ్యత లేదా?” అని మీరు అడగాలి. అడగాల్సిందే. యజమాని కారఖానాకు, యంత్రాలకు, గోదాములోని సరుకుకు బీమా తీసుకుంటాడు. అదే కారఖానాలో పడుకునే కార్మికుని ట్రంకు పెట్టె దానిలో రాదు. పనిలో ప్రమాదం జరిగితే నష్టపరిహారం దయాధర్మం కాదు, చట్టం ఇచ్చిన హక్కు. కాబట్టి యూనియన్ నాలుగు డిమాండ్లు ముందు పెడుతున్నది. రాత్రి ఎవరు లోపల ఉన్నా బయట నుండి తాళం వేయకూడదు. ప్రతి కారఖానాకు రెండో దారి ఉండాలి. మంటలు ఆర్పే సిలిండరు పని చేసేదై ఉండాలి, దాన్ని వాడడం కార్మికులకు నేర్పాలి. సాంచాల కింది నూలు పింజ, దూది ధూళి రోజూ ఊడ్పించాలి, అది అగ్గిపుల్లకన్నా తొందరగా అంటుకుంటుంది.

మనం చేసుకోవలసిన పని మనం చేసుకుంటేనే ఎదుటివాణ్ణి గట్టిగా అడగగలం. అందుకని ఈ సభ ముందు ఒక ప్రతిపాదన పెడుతున్నాము. ప్రతి పేట నుండి ఇద్దరు, అందులో ఒకరు తప్పనిసరిగా అక్కచెల్లెలు, ముందుకు రండి. వచ్చే నెల రోజుల్లో ఇంటింటికి తిరిగి నాలుగు సంగతులు చూడాలి. కరెంటు వైరు ఎలా ఉన్నది, గ్యాసు చిరునామా సరిగా ఉన్నదా, కాగితాల సంచి తయారైందా, 20 రూపాయల బీమా ఉన్నదా. చదువురాని పెద్దలకు ఫారాలు చదివి వినిపించే బాధ్యత కూడా వారిదే. ఆదివారాలు యూనియన్ ఆఫీసులో మేము కూర్చుంటాము. పాలసీ కాగితం పట్టుకుని రండి, అక్షరం అక్షరం చదివి చెప్తాము.

పేర్లు ఇప్పుడే రాసుకుంటాము. చేతులెత్తండి.